లూపస్ ఉన్న పిల్లల కళ్ళను కనిపెట్టుకుని ఉండటం ఎలా?

మా అమ్మాయికి పదమూడో ఏట లూపస్ అని తేలింది. జ్వరం, కీళ్ళ నొప్పులు, బుగ్గల మీద ఎర్రటి దద్దు, దువ్వితే చేతికొచ్చేసే జుట్టు. ఒక్కోదానికి ఒక్కో డాక్టరు చుట్టూ తిరిగాం. కళ్ళ గురించి మాత్రం ఎవరూ అనలేదు, మేమూ అడగలేదు. ఏడాదిన్నర తర్వాత ఒకరోజు బడికి తయారవుతుంటే తన కుడి కంట్లో నలక పడింది. ఆ కన్ను మూయించి కొంగుతో ఒత్తుతున్నాను. "అమ్మా, గడియారం కనిపించట్లేదేంటి?" అంది. ఎడమ కంటి ముందు మంచు కమ్మినట్టు ఉందట. ఎప్పట్నుంచి అంటే తనకే తెలీదు. రెండు కళ్ళూ తెరిచి ఉంటే బాగున్న కన్నే పని నడిపించేస్తుంది కదా.

అంతకుముందు రెండుసార్లు కళ్ళద్దాల షాపులో పవర్ మార్పించాం. బోర్డు కనిపించట్లేదు అన్నప్పుడల్లా మాకు తట్టింది అదొక్కటే. తీరా కంటి ఆసుపత్రిలో చూస్తే ఎడమ కంట్లో, లూపస్‌కి వాడుతున్న స్టెరాయిడ్ వల్ల వచ్చిన శుక్లం, రెండు కళ్ళలోనూ ప్రెజర్ ఎక్కువ. ఈ వయసు పిల్లకి శుక్లమేంటని మా అత్తగారు ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. అక్కడా అదే చెప్పారు.

అప్పట్నుంచి మేము చేస్తున్నవి, మొదట్లో చేయకపోయి నష్టపోయినవి వరసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మందు మార్చడం, ఆపడం మీ డాక్టరు పని. అడగాల్సింది అడగడం, ఇంట్లో కనిపెట్టుకుని ఉండటం మాత్రం మనమే చేయాలి.

ముందు, దెబ్బ ఏ వైపు నుంచి రావచ్చో తెలుసుకోండి

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి తిరిగి ఒంటి మీదే పడితే అది లూపస్. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి కంట్లో ఏదో ఒక మార్పు వస్తుంది. ఎక్కువమందికి వచ్చేది కళ్ళు పొడిబారడం. అది ఇబ్బంది పెడుతుంది కానీ చాలామందిలో చూపు తీసేయదు. భయపడాల్సినవి కంటి లోపలి పొరలో, అంటే రెటీనాలో వచ్చేవి. రెటీనాలోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోతే అక్కడక్కడా తెల్లగా, దూదిపింజలు అంటించినట్టు మచ్చలు కనిపిస్తాయి. చూపు బాగానే ఉన్న పిల్లలో కూడా ఇవి ఉండొచ్చు. ఇవి కనిపిస్తే జబ్బు లోపల చురుగ్గా ఉన్నట్టు లెక్క. అందుకే కంటి డాక్టరు రిపోర్టు లూపస్ డాక్టరుకి కూడా చేరాలి. రక్తం గడ్డకట్టే స్వభావం పెంచే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్న పిల్లల్లో రెటీనా నాళాలు పూడిపోయే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ రక్తపరీక్ష మీ ఫైల్లో ఉందో లేదో చూసుకోండి. కొందరికి కంటి నరం వాస్తుంది, కొందరికి తెల్లగుడ్డు ఎర్రబడి నొప్పి పుడుతుంది.

రెండో దారి కిడ్నీలు. చిన్నతనంలో వచ్చే లూపస్ పెద్దవాళ్ళకన్నా ఎక్కువగా కిడ్నీల మీద పడుతుంది. కిడ్నీ దెబ్బతింటే బీపీ పెరుగుతుంది, బీపీ పెరిగితే రెటీనా దెబ్బతింటుంది. మన దగ్గర పిల్లలకి బీపీ చూసే అలవాటే తక్కువ. "చిన్నపిల్లకి బీపీ ఏంటండీ" అనే నర్సులు కూడా తగిలారు మాకు. అయినా ప్రతిసారీ చూడమనే అడగండి, అంకె రాసుకోండి.

మిగతా రెండూ మందుల వైపు నుంచి వస్తాయి. ఒకటి స్టెరాయిడ్, రెండోది హైడ్రాక్సీక్లోరోక్విన్, అందరూ హెచ్‌సీక్యూ అనేది. వీటి సంగతి విడిగా చెప్తాను.

మొదటి పరీక్ష: ఎక్కడ, ఏమని అడగాలి

లూపస్ అని తేలిన కొద్ది నెలల్లోనే, పిల్ల కళ్ళు బాగున్నాయన్నా సరే, ఒకసారి పూర్తి కంటి పరీక్ష చేయించండి. హెచ్‌సీక్యూ మొదలుపెట్టిన మొదటి ఏడాదిలోపు రెటీనా ఒకసారి చూడాలని అమెరికా కంటి డాక్టర్ల అకాడమీ 2016లో సూచించింది. అప్పుడు తీసిన ఫొటో మూలం లాంటిది. తర్వాత ఎప్పుడైనా మచ్చ కనిపిస్తే అది ముందే ఉందా, కొత్తగా వచ్చిందా అని పోల్చడానికి అదే ఆధారం.

కళ్ళద్దాల షాపులో చేసే కంప్యూటర్ చెకప్ దీనికి పనికిరాదు. అది పవర్ చెప్పే మిషను, అంతే. రెటీనా చూడగల కంటి డాక్టరు కావాలి. బాగా చిన్నపిల్లలైతే పిల్లల కంటి డాక్టరు ఉన్నచోటికి వెళ్ళడం మంచిది. హైదరాబాద్‌లో మెహదీపట్నం దగ్గర సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నాయి. ఎల్‌వీ ప్రసాద్ వాళ్ళవి విశాఖపట్నం, విజయవాడల్లోనూ ఉన్నాయి. తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. మీ ఊళ్ళోనే మంచి రెటీనా డాక్టరు ఉంటే ఇంతదూరం రావక్కర్లేదు. ప్రతిసారీ ఒకేచోట చూపించుకోవడం మాత్రం ముఖ్యం, ఎందుకంటే పాత ఫొటోలు ఆ మిషన్లోనే ఉంటాయి.

వెళ్ళేటప్పుడు ఒక తెల్లకాగితం మీద ఇవి రాసుకెళ్ళండి: జబ్బు ఎప్పుడు తేలింది, ఏ మందు ఎంత మోతాదు, హెచ్‌సీక్యూ ఏ నెలలో మొదలైంది, స్టెరాయిడ్ అత్యధికంగా ఎంత వాడారు, ఇప్పటి బరువు, చివరిసారి చూసిన బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష). ఓపీలో మనకి దొరికేది అయిదు నిమిషాలు. మొత్తం కథ మొదలుపెడితే అక్కడే అయిపోతుంది. మేము వెళ్ళగానే కాగితం చేతికిచ్చి ఒక్క మాట అంటాం: "లూపస్ ఉంది సార్, ఈ రెండు మందులూ వాడుతోంది. మందు వేసి రెటీనా, ప్రెజర్ చూడండి. ఓసీటీ కూడా కావాలేమో చెప్పండి." ఓసీటీ అంటే రెటీనా పొరల్ని ఫొటో తీసే పరీక్ష. ఇలా అన్నాక ఎవరూ పవర్ చూసి పంపేయలేదు.

పరీక్ష రోజు

పొద్దున్నే వెళ్ళండి, టిఫిన్ తినే వెళ్ళండి, సగం రోజు పోతుందని ముందే అనుకోండి. మొదట అక్షరాల బోర్డు. ఇక్కడ పిల్లలు రెండో కంటిని వేళ్ళ సందుల్లోంచి తెరిచి చూసేస్తారు. మోసం చేద్దామని కాదు, తప్పు చెప్తే మార్కులు పోతాయన్నట్టు ఉంటుంది వాళ్ళకి. అరచేతితో మూయమని చెప్పండి. తర్వాత ప్రెజర్. కంటి మీదకి గాలి ఊదే మిషన్ కావచ్చు, తిమ్మిరి చుక్కలు వేసి తాకించేది కావచ్చు. 10 నుంచి 21 మధ్య ఉంటే మామూలు. మా అమ్మాయికి మొదటిసారి 28 వచ్చింది.

ఆ తర్వాత కంటిపాప పెద్దదవడానికి చుక్కలు. కొంచెం మంట పుడుతుంది. అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు కళ్ళు మూసుకుని కూర్చోవాలి. ఇంటికొచ్చాక కూడా నాలుగైదు గంటలు దగ్గరివి మసగ్గా ఉంటాయి, ఎండ గుచ్చుకుంటుంది. కాబట్టి మర్నాడు పరీక్ష ఉన్నరోజు పెట్టుకోకండి. చలువ కళ్ళద్దాలు, టోపీ బ్యాగులో పెట్టుకోండి. కాలేజీ పిల్లలైతే స్కూటీ మీద వెళ్ళకూడదు.

ఓసీటీకి గడ్డం ఆనించి లోపలి గుర్తును చూస్తూ కదలకుండా ఉంటే చాలు. కన్నును ఏదీ తాకదు, నిమిషాల్లో అయిపోతుంది. రెటీనా పొరలన్నీ అడ్డంగా కోసి చూపించినట్టు ఫొటో వస్తుంది. చూపు చుట్టూ ఎంతమేర ఉందో చూసే ఫీల్డ్ పరీక్షే పిల్లలకి విసుగు. చీకటిగా ఉన్న గిన్నెలాంటి దాంట్లోకి చూస్తూ, చిన్న వెలుగు చుక్క ఎక్కడ కనిపించినా వెంటనే బటన్ నొక్కాలి. మా అమ్మాయి మొదటిసారి మధ్యలో నిద్రపోయింది. రిపోర్టు చూస్తే సగం చూపు పోయినట్టు ఉంది. నా గుండె ఆగినంత పనైంది. టెక్నీషియన్ నవ్వి, "మొదటిసారి అందరికీ ఇంతేనమ్మా, ఇంకోరోజు తీసుకురండి" అన్నాడు. రెండోసారి బాగానే వచ్చింది. ఒక్క ఫీల్డ్ రిపోర్టు చూసి ఏడవకండి.

ఫీల్డ్ పరీక్ష విషయంలో ఇంకొకటి. హెచ్‌సీక్యూ వల్ల వచ్చే దెబ్బ మన ఆసియా వాళ్ళలో చాలాసార్లు చూపు నడిమధ్యలో కాకుండా కొంచెం పక్కకి మొదలవుతుంది. మధ్య భాగాన్ని మాత్రమే చూసే 10-2 అనే పరీక్షలో అది తప్పిపోవచ్చు. 24-2 లేదా 30-2 అనే వెడల్పు పరీక్ష కూడా కావాలా అని అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

హెచ్‌సీక్యూ లెక్క: ఇది మీరే వేయాలి

అందరికన్నా ఎక్కువ అపోహలున్నది ఈ మాత్ర మీదే. కరపత్రంలో "రెటీనా" అన్న మాట చదివి చెప్పకుండా ఆపేసినవాళ్ళు నాకు తెలుసు. ఆపాక కొన్నాళ్ళు ఏమీ తెలియకపోవచ్చు. తర్వాత జబ్బు తిరగబెట్టొచ్చు, అప్పుడు స్టెరాయిడ్ మళ్ళీ పెద్ద మోతాదులో మొదలవుతుంది, అది కంటికి ఇంకా చెరుపు. లూపస్‌ని అదుపులో ఉంచే మందుల్లో ఇది వెన్నెముక లాంటిది. కంటికి దీనివల్ల వచ్చే ముప్పు మోతాదు మీద, ఎన్నేళ్ళు వాడారన్న దాని మీద ఆధారపడుతుంది. మోతాదు మన చేతిలో ఉంది.

లెక్క ఇది. రోజుకి, ఉన్న బరువులో కిలోకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ హద్దులో ఉంటే మొదటి అయిదేళ్ళలో రెటీనా దెబ్బతినేది 1 శాతం లోపు మందికే, పదేళ్ళకి 2 శాతం లోపు. ఇరవై ఏళ్ళు దాటాక మాత్రం అది 20 శాతం దాకా పోతుంది. యాభై ఏళ్ళప్పుడు మొదలుపెట్టినవాళ్ళకి ఇరవై ఏళ్ళంటే డెబ్భై. మన పిల్లలు పదమూడులో మొదలుపెడితే ముప్ఫైమూడుకే అక్కడికి చేరతారు. అందుకే చిన్నప్పుడే మొదలయ్యే ఈ పిల్లల విషయంలో మోతాదు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూడాలి.

మా అమ్మాయి జబ్బుతో చిక్కి 31 కిలోలు ఉన్నప్పుడు రోజుకో 200 మాత్ర రాశారు. 31ని 5తో గుణిస్తే 155. అంటే రోజుకి 45 మిల్లీగ్రాములు ఎక్కువ. 150 మాత్ర కోసం వెతకాల్సిన పనిలేదు, విరిచి ముక్కలు చేయాల్సిన పనీ లేదు. ఈ మందు ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి వారం మీద లెక్క వేస్తారు. 155ని ఏడుతో గుణిస్తే 1085. వారానికి 200 మాత్రలు అయిదు. శని, ఆదివారాలు వేయక్కర్లేదు. నేను ఈ లెక్క కాగితం మీద వేసి రుమటాలజిస్టుకి, అంటే లూపస్ చూసే డాక్టరుకి చూపిస్తే ఆయన చూసి, "కరెక్టే, మార్చేద్దాం" అని అక్కడే మార్చి రాశారు. మీరు కూడా లెక్క వేయండి, కానీ మార్చేది డాక్టరే.

పిల్లలు పెరుగుతారు. కాబట్టి మూణ్ణెల్లకోసారి బరువు చూసి లెక్క మళ్ళీ వేయాలి. స్టెరాయిడ్‌తోనో కిడ్నీ వల్లనో నీరు పట్టి బరువు పెరిగితే అది అసలు బరువు కాదు. ఆ సమయంలో ఏ బరువు లెక్కలోకి తీసుకోవాలో అడగండి. కిడ్నీ సరిగా పనిచేయకపోతే మందు ఒంట్లో పేరుకుంటుంది, ముప్పు పెరుగుతుంది.

పరీక్షల లెక్క: మొదటి ఏడాదిలో ఒకసారి, అయిదేళ్ళు నిండాక ఏటా ఓసీటీ, ఫీల్డ్. కిడ్నీ జబ్బు ఉన్నా, మోతాదు ఎక్కువైనా, రెటీనాలో ముందే ఏదైనా ఉన్నా అయిదేళ్ళు ఆగకుండా ముందు నుంచే ఏటా. ఈ దెబ్బ మొదట్లో పిల్లకి ఏమీ తెలియదు. చదువుతుంటే అక్షరాలు మాయమవుతున్నాయి అనే దశకి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది, పోయింది తిరిగి రాదు. మందు ఆపాక కూడా కొంతకాలం పెరగొచ్చు. ఓసీటీ అంతకన్నా చాలా ముందే పట్టేస్తుంది.

ఒకవేళ కంటి డాక్టరు "అనుమానంగా ఉంది, మాత్ర ఆపేయండి" అంటే, ఆ మాట మీరు మోసుకెళ్ళి రుమటాలజిస్టుకి చెప్పడం కాకుండా, ఇద్దర్నీ ఫోన్లో మాట్లాడుకోమనండి. ఒక్క పరీక్షలో వచ్చిన అనుమానానికి ఇంకో పరీక్షతో రుజువు చూసుకుని, ఇద్దరూ కలిసి నిర్ణయించడం పద్ధతి.

మెడికల్ షాపులో డబ్బా మీద పేరు చదవండి. హైడ్రాక్సీక్లోరోక్విన్ వేరు, క్లోరోక్విన్ వేరు. రెండోది కంటికి ఎక్కువ చెరుపు చేస్తుంది. పేర్లు ఒకేలా ఉంటాయి, చేతిరాత చీటీల్లో మరీను.

స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు

స్టెరాయిడ్ లేకుండా గడవని రోజులు లూపస్‌లో ఉంటాయి. దాన్ని తిట్టి లాభం లేదు. ఎక్కువ మోతాదు మొదలైన కొన్ని వారాల్లో ఒకసారి, తర్వాత డాక్టరు చెప్పినట్టు కొన్ని నెలలకోసారి కంటి ప్రెజర్ చూపించండి. పిల్లల కళ్ళలో ప్రెజర్ పెద్దవాళ్ళకన్నా త్వరగా, ఎక్కువగా పెరగగలదు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పట్టించుకోకపోతే నీటికాసులుగా (గ్లాకోమాగా) మారి కంటి నరాన్ని నెమ్మదిగా తినేస్తుంది. మా అమ్మాయికి చుక్కల మందుతో, స్టెరాయిడ్ తగ్గిస్తూ రావడంతో 28 నుంచి 16కి వచ్చింది. శుక్లం మాత్రం వెనక్కి పోలేదు. ఇంటర్ పరీక్షలయ్యాక ఆ కంటికి ఆపరేషన్ చేయించాం.

శుక్లానికి గుర్తులు: ఎండలోకి వెళ్తే మరీ మసక, రాత్రి ఎదురు వచ్చే బండి లైటు చుట్టూ వెలుగు చెదిరిపోవడం, దూరంకన్నా దగ్గర చదవడం కష్టంగా ఉండటం.

స్టెరాయిడ్ మోతాదు మారుతున్న వారాల్లో కొత్త కళ్ళద్దాలు చేయించకండి. స్టెరాయిడ్ వల్ల ఒంట్లో షుగర్ ఎక్కువ తక్కువ అవుతుంటే పవర్ కూడా అటూ ఇటూ ఊగుతుంది. మేము మార్పించిన రెండు జతలూ బీరువాలో పడున్నాయి. ముందు షుగర్ చూపించండి, నిలకడగా ఉన్నాక పవర్ చూపించండి.

ఎంత విసుగొచ్చినా స్టెరాయిడ్‌ని సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు, అది ప్రాణం మీదకి వస్తుంది.

ఆదివారం పరీక్ష

ఆసుపత్రి పరీక్షకి ఇది బదులు కాదు. మధ్యలో వచ్చే మార్పు మన కంట పడటానికి మాత్రమే. మా ఇంట్లో ఆదివారం తలంటు అయ్యాక, అయిదు నిమిషాల పని.

మొదట గోడ మీద తెలుగు క్యాలెండర్. తేదీ అంకె పెద్దది, దాని కింద తిథి, నక్షత్రం చిన్న అక్షరాల్లో ఉంటాయి. నేల మీద చాక్‌పీసుతో ఒక గీత గీసి, ఎప్పుడూ అక్కడే నిలబెట్టండి. కళ్ళద్దాలుంటే పెట్టుకునే. ఒక కన్ను అరచేతితో మూసి, కనిపించేది చదవమనండి. తర్వాత రెండో కన్ను. మొదటి వారం ఏ కన్ను ఏ సైజు అక్షరం దాకా చదివిందో క్యాలెండర్ మీదే రాసి పెట్టుకోండి. ఎప్పుడూ "పాడ్యమి" చదివే కన్ను ఈ వారం దగ్గరికి వస్తే గానీ చదవలేకపోతే, అది ఫోన్ చేయాల్సిన విషయం.

తర్వాత బాత్రూం టైల్స్. ఒక్కో కంటితో టైల్స్ మధ్య గీతల్ని చూడమనండి. గీత ఎక్కడైనా వంకరపోయిందా, ఒకచోట చెరిగిపోయినట్టు ఉందా? రెటీనా మధ్యభాగంలో నీరు చేరితే ఇలా కనిపిస్తుంది. కిటికీ ఊచలైనా సరిపోతాయి. హెచ్‌సీక్యూ దెబ్బ మొదట్లో ఇందులో దొరకదు, దానికి ఓసీటీ కావాల్సిందే.

మూడోది ఎరుపు. కుంకుమ భరిణె మూత తీసి పెట్టి, ఒక కంటితో, తర్వాత రెండో కంటితో చూడమనండి. రెండింటికీ ఒకే ఎరుపు కనిపించాలి. ఒక కంటికి అది వెలిసిపోయి ఇటుకరంగులో కనిపిస్తే కంటి నరం వాచి ఉండొచ్చు. చూపు అక్షరాలు చదివేంత బాగున్నా ఈ తేడా ముందు తెలుస్తుంది.

పిల్ల పెద్దదవుతుంటే మీరు పక్కన నిలబడితే చిరాకు పడుతుంది. పడనివ్వండి, మీరు పక్క గదిలోంచి వినండి.

తెల్లారేదాకా ఆగకూడనివి

ఒక కంటిలో ఉన్నట్టుండి చూపు తగ్గడం, కొద్ది నిమిషాలకి తిరిగి వచ్చినా సరే. తెర దిగినట్టు ఒకవైపు చీకటి. మెరుపులు, ఒక్కసారిగా చాలా నల్లచుక్కలు. కన్ను కదిపితే నొప్పి. ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోవడం. ఒకటి రెండుగా కనిపించడం. తీవ్రమైన తలనొప్పి, వాంతులతో పాటు వంగి లేస్తే కళ్ళు చీకట్లు కమ్మడం. వీటిలో ఏది వచ్చినా అదే రోజు, రాత్రైనా సరే, ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. వెళ్ళగానే "లూపస్ ఉంది, బీపీ చూడండి" అనండి. కండ్లకలక అనుకుని చుక్కలు వేసి రెండు రోజులు చూద్దాం అనడం ఈ పిల్లల్లో కుదరదు.

ఆ తలనొప్పి విషయం కొంచెం చెప్పాలి. స్టెరాయిడ్ గబగబా తగ్గించినప్పుడు కొందరు పిల్లల్లో తల లోపల ఒత్తిడి పెరిగి కంటి నరం వాస్తుంది. మొటిమలకి ఇచ్చే డాక్సీసైక్లిన్ లాంటి మందుల వల్ల కూడా అలా అవ్వొచ్చు. ఈ వయసులో మొటిమల కోసం పిల్లలు స్నేహితులు చెప్పిన మందు కొనేసుకుంటారు. మీ ఇంట్లో అలాంటిదేమన్నా ఉందేమో ఒకసారి సొరుగు వెతకండి.

పొడి కళ్ళు, ఎండ, ఇంటి వైద్యం

పొద్దున లేవగానే కళ్ళలో ఇసుక పోసినట్టుంది అంటే పొడి కన్ను. ఆశ్చర్యం ఏంటంటే కొందరికి కళ్ళు పొడిబారితే నీళ్ళు ధారగా కారతాయి. ఆసుపత్రిలో కింది రెప్పలో చిన్న కాగితం ముక్క పెట్టి అయిదు నిమిషాల్లో ఎంత తడిసిందో చూస్తారు. తరచూ వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు అడగండి. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి కొట్టకుండా మంచం జరపండి. ఫోన్ చూస్తున్నప్పుడు మనం రెప్పలు వేయడం మర్చిపోతాం, ఆ సంగతి గుర్తు చేయండి. అలర్జీకి వేసుకునే కొన్ని మాత్రలు కళ్ళని ఇంకా ఎండబెడతాయి. కాంటాక్ట్ లెన్సులు కావాలంటే డాక్టర్ని అడిగాకే.

ఎండ లూపస్‌ని రేపుతుంది. వెడల్పు అంచు టోపీ, గొడుగు, యూవీ 400 అని ఉన్న కళ్ళద్దాలు. స్కూల్లో ప్రేయర్ ఎండలో జరుగుతుంటే నీడలో నిలబడనివ్వమని ఒక లెటర్ ఇవ్వండి, డాక్టరు చీటీ జిరాక్స్ జతచేసి. మేము నోటితో చెప్పి చూశాం. పీఈటీ సారు మారినప్పుడల్లా మళ్ళీ మొదటికొచ్చేది.

ఇక కంట్లో ఆముదం, తేనె, ఉల్లిరసం, చనుబాలు, నందివర్ధనం పూల రసం. ప్రేమతోనే చెప్తారు, కాదనను. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్న పిల్ల కంట్లో శుభ్రం చేయనిది ఏది పడినా చీము పట్టే ముప్పు ఉంది. మా అత్తగారికి నందివర్ధనం పూలు దేవుడికి పెట్టమని చెప్పి, పొన్నగంటికూర పప్పులో వేయమన్నాను. ఆవిడ మాటా నిలబడింది. కాటుక మానేశాం. మెడికల్ షాపులో ఎరుపుకని అడిగితే ఇచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది చాలాసార్లు. చీటీ లేకుండా ఏ చుక్కలూ కొనకండి.

ఫైలు పిల్ల చేతికి

పదిహేనేళ్ళప్పుడు మా అమ్మాయి రెండు నెలలు స్టెరాయిడ్ సగమే వేసుకుంది. ముఖం ఉబ్బిందని క్లాసులో ఎవరో ఏదో అన్నారట. మాత్రలు కుండీలో దొరికాయి, తులసి మొక్క దగ్గర. అరిచాను. అరిచాక ఇంకా దాచింది. తర్వాత డాక్టరుగారు తనని ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడారు, నన్ను బయట ఉండమన్నారు. అది పనిచేసింది. కళ్ళ విషయంలోనూ అంతే. భయపెడితే "బాగానే కనిపిస్తోంది" అనేస్తారు. రెటీనా ఫొటో స్క్రీన్ మీద ఉన్నప్పుడు పిల్లనే ముందు కూర్చోబెట్టి, డాక్టర్ని తనకే చూపించి చెప్పమనండి. మా అమ్మాయి తన రెటీనాని ఫొటో తీసుకుని వాల్‌పేపర్‌గా పెట్టుకుంది. చందమామలా ఉందట.

పదహారు, పదిహేడు వచ్చేసరికి బరువు లెక్క తననే వేయనివ్వండి. ఫోన్లో ఒక ఆల్బమ్ చేసి ఓసీటీ రిపోర్టులు, చీటీలు తేదీల వరసలో పెట్టించండి. హాస్టల్‌కి వెళ్ళేముందు ఆ ఊళ్ళో కంటి ఆసుపత్రి ఎక్కడుందో మెస్‌కన్నా ముందు చూసుకోమనండి.

ఇప్పుడు తనకి పంతొమ్మిది. పోయిన నెల మొదటిసారి ఒక్కతే పరీక్షకి వెళ్ళింది. మధ్యాహ్నం ఫోన్ చేసింది. "ప్రెజర్ పదిహేను. ఓసీటీ పోయినేడాదిలాగే ఉంది. బరువు యాభైరెండు, వారానికి తొమ్మిది మాత్రలు, నేనే లెక్క వేసి చూపించా, సరే అన్నారు. మందు వేశారు కదా, నీ పేరు ఫోన్లో కనిపించక గుర్తుపట్టి నొక్కా. ఆటో వచ్చింది, పెట్టేస్తున్నా."